దోసిలి పట్టని మనిషి

మా అత్త పోయింది. అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతుంటే మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ పోయిందే" అన్నాడు. పొద్దున నేను బయలుదేరేటప్పుడు గడప మీద కూర్చుని వక్క కొరుకుతూ, "గుడ్లన్నీ నువ్వే తినేసేవు, పిల్లోళ్ళకు గూడా పెట్టు" అని ఎగతాళి చేసిన మనిషి. పొద్దెక్కాక ఇంత అన్నం తిని మంచం మీద అటు తిరిగి పడుకుంది, ఇక లేవలేదు. ఒక్కరోజు కూడా ఎవరి చేతా చాకిరీ చేయించుకోలేదు. చేయించుకోవడం ఆమెకు చేతనయ్యే పని కాదు లెండి.

మాది రాయదుర్గం నుంచి గుమ్మఘట్ట మీదుగా పోతే కర్నాటక హద్దుకు ఆనుకుని ఉండే ఊరు. బస్సులో ఒక కునుకు తీసి లేస్తే బోర్డులన్నీ కన్నడంలోకి మారిపోయి ఉంటాయి. నేనేమో కణేకల్ పక్క కాలువ నీళ్ళ ఊళ్ళో పుట్టాను. వరిమళ్ళ మధ్య పెరిగిన దాన్ని తెచ్చి ఈ ఎర్రదుబ్బలో పడేశారని పెళ్ళయిన కొత్తలో బాగా ఏడ్చాను. మా అత్త ఓదార్చలేదు. "ఏడిస్తే ఏడువు. ఆ ఏడ్చేదేదో చేనికి పోయి ఏడువు, పదునన్నా అయితాది" అంది. పదునంటే వాన పడ్డాక నేలలో నిలిచే తడి. మా ఊళ్ళో అందరి బతుకూ ఆ తడి మీదే నడుస్తుంది.

మేము మాదిగవాళ్ళం. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా అత్త కూడా అట్లాగే చెప్పేది. కొత్తవాళ్ళెవరైనా అటు తిప్పి ఇటు తిప్పి కూపీ లాగుతుంటే, "మేము ఏమోళ్ళమని అడగాలనుండాది గదా నీకు, నేరుగా అడుగప్పా. మాదిగోళ్ళం. ఇంగేమన్నా అడగాల్నా?" అనేది. అడిగినవాడు నీళ్ళు నమిలేవాడు.

మా వీధి ఆడవాళ్ళ కూలి ముఠాకు ఆమే మేస్త్రి. ఏ రైతుకు కూలీలు కావాలన్నా ముందు మా గడప దగ్గరికి రావాల్సిందే. వచ్చినవాడు బండి దిగకుండా హారన్ కొడితే ఆమె పలికేది కాదు. "పిలిచింది బండి గదా, బండికి మనమేమని పలికేది?" అని నాతో అనేది, అతనికి వినపడేలా.

ఆమెకొక పట్టుదల ఉండేది. రెండు చేతులు కలిపి దోసిలి పట్టేది కాదు, ఎవరి ముందూ, దేనికీ. గుడి బయట ప్రసాదం పంచుతుంటే "ఆకులో పెట్టియ్యి, ల్యాకుంటే వద్దు" అనేది. ఆస్పత్రిలో మాత్రలిస్తే కాగితంలో చుట్టి ఇమ్మనేది. ఒకసారి నేను ఉండబట్టలేక, "మరి ముఖం ఎట్ల కడుక్కుంటావత్తా?" అని అడిగాను. "నాకు నేను పోసుకునేది వేరే, ఇంగొకడు పోస్తే పట్టేది వేరే" అని నా నెత్తిన ఒక్కటి మొట్టింది.

ఆ తేడా నాకు అప్పటికి నిజంగానే తెలియదు. మా కాలువ ఊళ్ళో ఎవరి నీళ్ళు వాళ్ళం ముంచుకునేవాళ్ళం. కులం అక్కడా ఉంది, కాకపోతే నీళ్ళు దండిగా ఉండబట్టి నీళ్ళ దగ్గర అంతగా బయటపడేది కాదు. ఇక్కడ కూలికి పోయిన మొదటి రోజే చూశాను. మధ్యాహ్నం వేపచెట్టు కింద రైతు తాలూకు మనిషి కుండలో చెంబు ముంచి పైనుంచి పోస్తాడు. మేము వంగి, దోసిలి నోటికి ఆనించుకుని తాగాలి. కుండ ముట్టకూడదు, చెంబు ముట్టకూడదు. పోసేవాడికి విసుగొస్తే సగం నీళ్ళు రవికె మీదే. నన్ను శ్రమ పెట్టకుండా మర్యాదగా పోస్తున్నారేమో అనుకున్నాను నేను, పిచ్చిదాన్ని. పక్కనున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మా అత్త నవ్వలేదు. ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు తాగింది. అవి అయిపోయాక పొద్దు వాలేదాకా ఎండిన నోటితోనే పని చేసింది.

ఊళ్ళో సగం చేలు ఒకాయనవి. అందరూ పెద్ద రైతు అనేవాళ్ళు, నేనూ అట్లాగే అంటాను. ఆయన చెడ్డవాడని చెప్పను. మా ఆయనకు పాము కరిస్తే తన జీపులో రాయదుర్గం తీసుకుపోయి బతికించింది ఆయనే. ఆ జీపు సీటు మీద ముందు పాత గోనెసంచి పరిపించింది కూడా ఆయనే. ఆగస్టు పదిహేనుకు బడిలో జెండా ఎగరేసి, మనమంతా ఒక తల్లి బిడ్డలం అని గుండె మీద చెయ్యేసుకుని మాట్లాడేవాడు. మా వీధి వాళ్ళు ప్రహరీ గోడ పక్కన నిలబడి వినేవాళ్ళు. మా అత్త మాత్రం నా రెక్క పట్టుకుని నేరుగా ముందు వరసకు లాక్కుపోయేది. "జెండాకు దండం అందరూ పెడతారే. నువ్వు యాడ నిలబడి పెట్టినావో అది చూసుకో" అనేది. ఇంటికొచ్చే దారిలో, "ఒక తల్లి బిడ్డలమంట. తల్లి కుండ మాత్రం వాళ్ళింట్లోనే పెట్టుకున్యారు" అని వక్క ఉమ్మేసేది.

ఇప్పుడు చెప్పబోయేది మా పెద్దపాప ఇంకా చంటిపిల్లగా ఉన్న సంవత్సరం సంగతి. వానలు ముఖం చాటేసి, తీరా వేరుశనగ కాయ ముదిరాక ఒక మంచి వాన కురిసింది. వేరుశనగ చెట్టు పదునులోనే పీకాలి. నేల గట్టిపడితే చెట్టు పైకొస్తుంది గానీ కాయ మట్టిలోనే తెగి ఉండిపోతుంది. అందుకని పెద్ద రైతు తనే నడుచుకుంటూ మా గడపకు వచ్చాడు. మా అత్త లేచి నిలబడలేదు. "సామీ" అనడం ఆమె ఎప్పుడో మానేసింది, "అన్నా" అనేది.

"వస్తామన్నా. అయితే ఇంగ నీళ్ళు మేమే ముంచుకుంటాము. పోసే మనిషి వద్దు" అంది.

ఆయన కండువా దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "ఏమప్పా ఇది, ఈ టైములోనా? కూలి చాలదంటే చెప్పు, పెంచుతా. కుండ మాట ఎత్తొద్దు."

"కూలి నేనడగలేదు గదా."

"అదే చెప్తాండా. అడగకపోయినా పెంచుతా. కుండ మాట వద్దు."

ఆయన వెళ్ళిపోయాక మా వీధి రెండుగా చీలింది. ఏడాది మొత్తం మీద గట్టిగా దొరికే పని అదొక్కటే. "మీయత్తకు నీళ్ళ పిచ్చి పట్టుకున్యాది. ఇన్నేండ్లు తాగలేదా మనం? మా పిల్లోళ్ళకు కూడు ఆయమ్మ పెడతాదా?" అని నా ముఖం మీదే అన్నారు. నాకూ భయమే. చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని, పెంచిన కూలి తీసుకుంటే ఏం పోయిందత్తా అని అడిగాను.

కబురు విని రాయదుర్గం నుంచి కూలీల సంఘం నాయకుడు వచ్చాడు. మంచివాడు, మా కోసం జైలుకు పోయొచ్చినవాడు. "అక్కా, అడక్కుండానే కూలి పెంచుతానంటున్నాడంటే అది పెద్ద గెలుపు. ముందు అది తీసుకుందాం. ఇప్పుడు కులం మాటెత్తితే కూలీల్లో చీలిక వస్తుంది. పేదోళ్ళమంతా ఒకటైతే కుండ దానంతటదే మన చేతికొస్తుంది" అని నచ్చజెప్పాడు.

"ఒకటి చెప్పన్నా" అంది మా అత్త. "కూలి పెంచినంక నా చెయ్యి యాడుంటాది? కుండలోనా, చెంబు కిందనా?"

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"దుడ్లు ఇచ్చేదానికి ఒప్పుకున్నోడు, నీళ్ళు ముంచుకునేదానికి యాల ఒప్పుకోడు? కుండలో దుడ్లకంటే పెద్దదేందో ఉండాది ఆయనకు. అదేందో నాకు కావల్ల."

నాయకుడు ఒప్పుకోలేదు. కానీ మమ్మల్ని వదిలి వెళ్ళిపోనూ లేదు. మర్నాడు మేస్త్రి మాట దాటలేక ముఠా అంతా పని మాని చేనిగట్టు మీద కూర్చుంటే, ఆయనా మాతోపాటే ఎండలో కూర్చున్నాడు. ఆ సంగతి చెప్పకపోతే పాపం.

మేము గట్టు మీద కూర్చుని ఉండగానే హద్దు అవతలి నుంచి టెంపో నిండా ఆడవాళ్ళు దిగారు. ఎవరో బ్రోకరు తోలించాడు. కన్నడంలో మాట్లాడుకుంటూ చేనిలో దిగి వరసలు పట్టారు. మావాళ్ళకు కడుపు మండిపోయింది. "కర్నాటకోళ్ళు మన కూటిలో మన్ను కొట్టను వచ్చినారు" అని కొందరు రాళ్ళు ఏరారు. రాత్రి మా అత్తను తిట్టినవాళ్ళే అందరికంటే పెద్ద రాళ్ళు తీసుకున్నారు.

"రాళ్ళు కింద పడేయండి" అంది మా అత్త. "హద్దురాయికి ఆ పక్క పుట్టింటే నేను కర్నాటక మాదిగదాన్ని. ఈ పక్క పుట్టినా కాబట్టి ఆంధ్ర మాదిగదాన్ని. రాయి జరిపితే ముందుమాట మారుతాది, ఎనకమాట మారదు. వాళ్ళల్లో మనోళ్ళు లేరని మీకెవరు చెప్పినారు? నీళ్ళ పొద్దు దాకా ఓర్చుకోండి, చూద్దాం."

మధ్యాహ్నం నీళ్ళు పోసే పొద్దు వచ్చింది. ఇక్కడ పెద్ద రైతు ఒక పొరపాటు చేశాడు. మా దేశంలో తప్ప ఇంకెక్కడా ఎవరూ చెయ్యలేని పొరపాటు. వచ్చినవాళ్ళు ఏ కులంవాళ్ళో ఆయనకు తెలియదు. అడగడానికి తీరిక లేదు. ఎందుకైనా మంచిదని, అందరికీ పైనుంచే పొయ్యమని తన మనిషికి చెప్పాడు.

ముందు వరసలో కొందరు వెళ్ళి మామూలుగా వంగి దోసిలి పట్టారు. మా అత్త మోచేత్తో నన్ను పొడిచింది. చూడు, మనోళ్ళే అని. వాళ్ళ తర్వాత ఒక పెద్దావిడ వచ్చింది, నుదుటి నిండా భండారు పసుపు పూసుకుని, చేతులకు వెండి కడియాలతో. గొర్రెలు కాసుకునే కురబవాళ్ళ మనిషి. ఆమె మామూలుగా చెంబు కోసం చెయ్యి చాపింది. పోసేవాడు చెంబు పైకెత్తి, పట్టమన్నట్టు గడ్డం ఊపాడు. ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక వేసిన కేక గట్టు మీద మాకందరికీ వినపడింది.

"నమ్మన్న యారంత తిళ్కొండీయప్పా?"

మమ్మల్ని ఎవరనుకున్నావని. ఆమె కులంవాళ్ళంతా పీకిన చెట్లు ఎక్కడివక్కడ పారేసి లేచి వచ్చారు. మా గట్టు మీద ఈలలు, చప్పట్లు. సమ్మె గెలిచినట్టే అనుకున్నారు మావాళ్ళు. మా అత్త ముఖంలో సంతోషం లేదు. "ఎగరొద్దండి. వాళ్ళు లేచింది మనకోసరం కాదు. వాళ్ళను మనమాదిరి చూసినారని లేచినారు" అంది. అని, చేనిలోకి నడిచింది. నేను పిల్లను పక్కావిడ చేతిలో పెట్టి ఆమె వెనకే పోయాను. ఎందుకు పోయానో తెలియదు. ఆమెను ఒంటరిగా పోనివ్వడం ఇష్టం లేకపోయింది.

పెద్ద రైతు అప్పటికే చేతులు జోడిస్తున్నాడు. "అమ్మా, తప్పైపోయింది. తెలీక జరిగింది. మీకు వేరే కుండ తెప్పిస్తా, మీ చేత్తో మీరే ముంచుకుని తాగండి" అని బతిమాలుతున్నాడు. విన్నారా? మేము అడిగిందే. మాకు ఇవ్వనిది వాళ్ళకు అడక్కుండానే ఇస్తున్నాడు. పక్కనే వాళ్ళ టెంపోలోనే వచ్చిన మా కులం ఆడవాళ్ళు తడిచేతులతో తలలు వంచుకుని కూర్చున్నారు.

మా అత్త ఆ కురబావిడ ఎదురుగా నిలబడింది. ఆమెకు కన్నడం వచ్చు, అయినా తెలుగులోనే మాట్లాడింది. మా హద్దులో రెండూ అందరికీ తెలుస్తాయి.

"ఒకపూట చెంబు పైకెత్తితే నీకింత మండింది గదక్కా. నీకు జరిగింది అవమానమే. నేను కాదన్ను. మరి నీతో మోకాలికి మోకాలు ఆనించి టెంపోలో కూర్చోనొచ్చిన వాళ్ళకు పుట్టినకాడి నుంచీ జరిగేది ఏంది? దాని పేరు చెప్పు."

మా అత్త పోసేవాడి చేతిలోని చెంబు తీసుకుంది. అతను కాదనకుండా వదిలేశాడు, ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. మణికట్టు దాకా చెయ్యి కుండలో ముంచి, చెంబు నింపి, గటగటా తాగింది. ఎన్నేళ్ళ దాహమో. మళ్ళీ ముంచి ఆ చెంబు కురబావిడ ముందు పట్టింది.

"తాగుతావా?"

ఏమవుతుందో అంతా ఆ చెంబు మీదే ఉందని అక్కడున్న ప్రతివాళ్ళకూ తెలుసు. ఆమె తాగకపోతే జరిగింది ఒక కులానికి పొరపాటున జరిగిన అమర్యాద అవుతుంది. వేరే కుండ వస్తుంది, పని సాగుతుంది, మేము గట్టు మీద ఎండిపోతాం. పెద్ద రైతు "వద్దమ్మా, వద్దమ్మా" అంటున్నాడు. మా అత్త చాపిన చెంబు దించలేదు.

కురబావిడ పెద్ద రైతును చూసింది, టెంపోలో తనతో వచ్చిన ఆడవాళ్ళను చూసింది. చెంబు తీసుకుంది. పెదవులకు ఆనించలేదు, పైకెత్తి పోసుకుంది. కానీ తాగింది. ఖాళీ అయ్యేదాకా తాగి, చెంబు మా అత్త చేతికే ఇచ్చి, కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి మా గట్టు మీద కూర్చుంది. ఆమె వెనక మిగతావాళ్ళంతా.

తర్వాత ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా మా అత్త నవ్వేది. "ఎత్తి తాగిందే, నేను చూడలేదనుకున్యావా? తాగనీ. ఎత్తి పోసుకున్యా గొంతులోకే గదా పోయేది."

పెద్ద రైతు ఆ కుండ పగలగొట్టించాడు. ఎండ కాసింది, పదును ఆరిపోతూ వచ్చింది. చివరికి ఒకరోజు పొద్దున్నే వేపచెట్టు కింద కొత్త కుండ, కొత్త చెంబు కనిపించాయి. పక్కన మనిషి లేడు. ఒప్పుకున్నానని ఆయన అనలేదు, మేమూ అనిపించుకోలేదు, చేనిలో దిగాం. కక్షకొద్దీ కూలి మాత్రం పాతదే ఇచ్చాడు. సంఘం నాయకుడు తల పట్టుకున్నాడు. మా అత్త మాత్రం "కూలికి మల్లా కొట్లాడుదాంలే అన్నా, అది నీకు బాగా తెల్సు గదా" అంది. తర్వాతి ఏడు కూలి కోసం కూర్చున్నప్పుడు హద్దు అవతలివాళ్ళు కూడా మాతో కూర్చున్నారు. అప్పుడా నాయకుడే, "అక్కా, కుండే ముందు. నువ్వు చెప్పిందే నిజం" అన్నాడు. ఆమె అతనికి వక్కాకు ఇచ్చింది.

నేను అంగన్‌వాడీలో చేరింది కూడా ఆమె పోరు పడలేకే. "పిల్లోళ్ళకు అన్నం పెట్టే గరిటె మన చేతికి రానీ. ఎవురు తినరో చూద్దాం" అంది. కొందరు మొదట్లో పిల్లల్ని పంపలేదు. ఆమె రోజూ వచ్చి ఆ కేంద్రం అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే తల్లుల్ని పేరుపెట్టి పలకరించేది. గొడవ పడేది కాదు, ఊరికే పలకరించేది, అంతే. ఆ పలకరింపుకు తట్టుకోలేక ఒక్కొక్కరే పంపారు. ఆమె అంటే నాకు మొదట భయం, తర్వాత కోపం, ఆ తర్వాత ప్రాణం. నేను తల ఎత్తి మాట్లాడే ప్రతి మాటకూ ఆమెకు రుణపడి ఉన్నాను.

ఇప్పుడు చేలల్లోకి నీళ్ళ క్యాన్లు వస్తున్నాయి. అప్పట్లో నిజంగా అట్లా ఉండేదా అని మా పిల్లలు అడుగుతారు. "హోటల్ కాడ బల్ల మీద ఎవురు కూర్చుంటారో, ఎవురు నిలబడి తాగుతారో చూసొచ్చి మాట్లాడండి" అనేది వాళ్ళ అవ్వ.

మట్టి చేసేనాటికి హద్దు అవతలి నుంచి కురబావిడ మనవడి బండి మీద వచ్చింది. నడుము వంగిపోయింది. శవం పక్కనే కూర్చుని, కన్నడంలో మా అత్తను తిట్టితిట్టి ఏడ్చింది, నాకంటే చిన్నదానివి, ముందెట్లా పోతావని. నేను నీళ్ళిస్తే తాగింది. ఎత్తి తాగిందో, ఆనించి తాగిందో నేను చూడలేదు.

మర్నాడు పెద్ద రైతు కొడుకు వచ్చాడు. పెద్ద రైతు పోయి చాలా కాలమైంది, ఇప్పుడు మండలంలో పార్టీ అంతా ఈయనే. తెల్ల కారు, పూలదండ, వెంట ఫోను పట్టుకుని ఫొటోలు తీసే కుర్రవాడు. మా వాకిట్లో కుర్చీ వేస్తే కూర్చున్నాడు. ఆ మాత్రం మారింది, కాదనను. దండ మా అత్త ఫొటోకు వేసి, "ఆయమ్మ మా ఇంటి మనిషి" అన్నాడు, వీధి అంతా వినేలా.

నేను లోపలికి పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పట్టాను.

"ఇప్పుడే తాగొచ్చినానమ్మా. వద్దులే."

"ఇంటి మనిషంటివి గదన్నా. ఇంటికొస్తే నీళ్ళు తాగల్ల."

ఆయన నవ్వాడు. వాచీ చూసుకున్నాడు. కారు దగ్గర నుంచి డ్రైవరు పరుగున వచ్చి మూత తీయని నీళ్ళ సీసా అందించాడు. ఆయన అది తీసుకున్నాడు గానీ మూత తిప్పలేదు. మా ఆయన నా పేరు పెట్టి మెల్లగా పిలిచాడు. ఫోను పట్టుకున్న కుర్రవాడు తీయాలో వద్దో తెలియక ఆయన ముఖం చూస్తున్నాడు. ఎండకు గ్లాసు వేడెక్కుతోంది, భుజం లాగుతోంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.